రేకు కొట్టిన కిటికీ

“వచ్చే శుక్రవారం ప్రార్థన కూడిక జాస్మిన్ టీచరుగారింట్లోనంట కదా. అన్నీ ఇంటి దగ్గరే కానిచ్చుకుని వెళ్ళండమ్మా, ఆ బాత్రూంలో ముక్కు మూసుకోవాల్సిందే” అన్నారట ఎదురింటి మంగాయమ్మగారు. మొన్న వాళ్ళ ట్యాంకులో నీళ్ళయిపోతే మా బాత్రూంలోనే కాళ్ళు కడుక్కున్నారావిడ. మా సంఘంలోనే ఉండే రేచల్ ఈ మాట స్టాఫ్ రూములో నా చెవిన వేసి, “నేనన్నది కాదులేవే, ఆవిడ అన్న మాట” అంటూ టిఫిన్ మూత పెట్టుకుంది. నవ్వాను. నవ్వుతూనే కాస్త వెనక్కి జరిగాను, నా దగ్గరా ఆ వాసన వస్తోందేమోనని.

వస్తోంది. నాకు తెలుసు.

మా బాత్రూంకి పైన చిన్న కిటికీ ఉండేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో, పక్క తోటలో కొబ్బరి దింపు జరుగుతుంటే, చెట్టెక్కినవాడికి లోపలంతా కనిపిస్తుందని మా ఆయన దానికి రేకు కొట్టించారు. దింపు రెండు నెలలకోసారి, ఒక్క పూట. రేకు మాత్రం పదకొండేళ్ళుగా ఉంది. వేడినీళ్ళ ఆవిరి ఎటూ పోలేక గోడలకు పడుతుంది. మూలల్లో నల్లగా బూజు. ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్ళేముందు బ్లీచింగ్ చల్లి తోముతాను, బుధవారానికి మళ్ళీ వస్తుంది. “ఇంకాస్త గట్టిగా రుద్దాలమ్మాయ్” అంటారు అత్తయ్యగారు. ఆరుతుందని తలుపు తీసి ఉంచితే, “బాత్రూం తలుపు బార్లా తీసి పెడతారా ఎవరైనా?” అని ఆయన వేసేస్తారు. ఆయన బనియన్లు డాబా మీద తీగకి ఎండుతాయి. నా లోపలి బట్టలు మాత్రం ఆ చెమ్మ గదిలోనే, తువ్వాలు చాటున. సగం తడివే వేసుకుని బడికి వెళతాను. ఒరుసుకుపోయి దద్దుర్లొస్తే, “తడి బట్టలు వేసుకుంటున్నారా?” అని డాక్టరమ్మ అడిగింది. లేదండీ అని అబద్ధమాడాను. ఒకసారి పుస్తకం దిద్దుతూ వంగితే ఓ పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది. ఆ రోజంతా కుర్చీలోంచి లేవలేదు. శుభ్రం తెలియనిదాన్ని నేనే అనుకున్నాను, ఇన్నేళ్ళూ.

గురువారం బడి నుంచి రాగానే స్టూలెక్కి, సుత్తితో మేకులు పీకేశాను. రేకు కింద పడ్డ చప్పుడుకి ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు.

“మతిపోయిందా నీకు? ఎల్లుండి దింపుందని తెలీదూ?” అన్నారాయన.

“పోనీలే ఫిలిప్పూ, కూడికయ్యేక మళ్ళీ కొట్టించేద్దువుగాని” అన్నారు అత్తయ్యగారు.

“వద్దండి. దింపు పూట కిటికీకి తువ్వాలు కడతాను. నా బట్టలు కూడా రేపట్నుంచి డాబా మీదే ఆరేస్తానండి.”

ఆవిడ బుగ్గలు నొక్కుకున్నారు. “లోపలి బట్టలు డాబా మీదా! చెట్టు మీంచి మగాళ్ళు చూస్తే సిగ్గెవరికే?”

“చూసినోళ్ళకండి. నా వంతు సిగ్గు పదకొండేళ్ళు పడ్డాను, చాలు.”