పేరు పెట్టని కార్డు

నేను ఒక నాలుగు జీబీ ర్యామ్‌ను. నిడదవోలులో హైమావతి డీటీపీ షాపు కంప్యూటర్లో ఉంటాను. ఎక్కడ పుట్టావు, ఎవరెవరి చేతులు మారావు అని అడగకండి. కంప్యూటర్ ఆపితే అన్నీ మరిచిపోయే జాతి మాది. నెల రోజుల సంగతులైతే చెప్పగలను. ఈ నెలలో హైమావతి కంప్యూటర్ ఆపనేలేదు. సాయంత్రం నిద్రపుచ్చి వెళ్తుంది, పొద్దున లేపుతుంది.

అచ్చు కోసం తెర మీద తెరిచిన కార్డు ఒక్కటీ మూయదు. పైగా నేను నత్తనడక నడుస్తున్నానని నన్నే తిడుతుంది. ఈరోజు పెళ్లికార్డు కోసం వచ్చినవాళ్లు విసుక్కునేసరికి మెకానిక్ జిలానీని పిలిచింది.

"కొత్త ర్యామ్ వెయ్యాలా జిలానీ?"

"తొంభైఆరు శాతం నిండిపోయిందక్కా. నిండదా మరి, ముప్పై కార్డులు తెరిచి పెట్టావు! ముందివన్నీ మూసేసి, ఓసారి ఆపి ఆన్ చేద్దాం. ఒక్క కార్డు చేస్తున్నప్పుడు కూడా ఇలాగే నిండితే అప్పుడేద్దాం."

న్యాయమైన మాటే. నా ఉద్యోగం నిలిచినట్టే. కానీ నాకు స్థిమితం లేదు. ఆ ముప్పైలో ఒకటి సేవ్ చేయనిది. నాలో తప్ప ఇంకెక్కడా లేదు.

షాపులో ఒక పద్ధతి ఉంది. కార్డు పూర్తయితే ఇంటిపేరుతో సేవ్ చేసి, 'శుభకార్యాలు' ఫోల్డర్లోనో 'పెద్దకర్మలు' ఫోల్డర్లోనో పెట్టాలి. ఆ పద్ధతి పెట్టింది హైమావతి నాన్న సుబ్బారాయుడు. ఈ నెలలోనే ఆయన పెద్దకర్మ కార్డు ఆమే చేసింది, షాపు ప్రింటర్లోనే అచ్చూ తీసింది. సేవ్ మాత్రం చేయలేకపోయింది. సేవ్ చేస్తే నాన్నను ఆ రెండోదాంట్లో పెట్టాలిగా!

జిలానీ ఒక్కొక్కటే మూస్తూ పోతున్నాడు. నాకు గుండె ఉంటే ఆగేదే.

"ఇదేదో పేరులేనిదక్కా. అక్కర్లేదుగా?"

"ఒరే, ఆగు! దాన్ని ముట్టుకోకు."

మౌస్ లాక్కుంది. ఫోటోలో సుబ్బారాయుడు చెవి మీద పెన్సిలు పెట్టుకుని నవ్వుతున్నాడు. చాలాసేపు చూసింది. తమ ఇంటిపేరు 'మద్దాల' అని టైపు చేసి, 'పెద్దకర్మలు'లో పెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడు ఆపెయ్యి" అంది.

కార్డు డిస్కులోకి చేరింది. నా బెంగ తీరింది. ఆ పెన్సిలు, ఆ నవ్వు నాకింకా గుర్తున్నాయి. జిలానీ కంప్యూటర్ ఆపుతున్నాడు. ఇంకో నిమిషంలో నేను ఏమీ ఎరగనట్టు చకచకా పనిచేస్తాను. పాపం, హైమావతికి ఆ వీలు లేదు.