దీపం వెనక ఉండాలి

నేను ఒక చెలికత్తె బొమ్మను. మేకతోలును వెలుగు దూరేంత పలచగా గీకి, రంగులద్ది, నగలుండే చోట చిల్లులు పొడిచి, ధర్మవరం దగ్గరి పల్లెలో గోవిందప్ప నన్ను చేశాడు. రాణి బొమ్మలకు పేర్లుంటాయి, నాకు లేదు. తెర మీదికి వచ్చి, రాణిగారికంటే ఎక్కువ మాట్లాడి వెళ్ళిపోవడమే నా పని.

ఆడించేది గోవిందప్ప. గొంతు మాత్రం ఆయన భార్య అంజనమ్మది. "రాజుగారు అడివికి పోతాండారంట. మా ఇంటాయన్ని గూడా తోడు తీసకపొమ్మని చెప్పమ్మా, పుణ్యముంటాది" అని నాచేత అనిపిస్తే తెర అవతల జనం నవ్వేవాళ్ళు. తెర ఇవతల ఇంటాయనా నవ్వేవాడు.

ఒకసారి ఆటలో నా మోచెయ్యి చిరిగింది. అంజనమ్మే నల్లదారంతో కుట్టింది.

కొన్నేళ్ళకు ఆమె పోయింది. ఆడగొంతు లేక ఆట ఆగింది. ఇక ఆడని బొమ్మను ఏట్లో వదలడం మావాళ్ళ ఆచారం. గోవిందప్ప నన్ను ఏటిదాకా తీసుకెళ్ళాడు. నీళ్ళలో పెట్టబోతూ ఆ కుట్టు చూసి, వెనక్కి తెచ్చాడు. ఇంట్లో పెట్టుకుని చూడలేక చివరికి నగరంలో ఒక మ్యూజియానికి ఇచ్చేశాడు.

వాళ్ళు "స్త్రీ బొమ్మ, చేయి పాడైనది" అని రాసుకుని నన్ను సొరుగులో పెట్టారు. భద్రంగా ఉంచడమంటే ఎవరికీ చూపించకపోవడమని మనుషులకు ఎవరు చెప్పారో. ఆ కుట్టు ఒక్కసారి చూస్తానని ఆయన రెండుసార్లు వచ్చాడట. లోపలి గదుల్లోకి బయటివాళ్ళు రాకూడదన్నారు. బొమ్మను చేసినవాడూ బయటివాడే.

అలా పద్దెనిమిదేళ్ళు గడిచాయి. అప్పుడు, సొరుగుల్లో ఉన్నవాటికి ఫొటోలు తీసి, ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టే పని మొదలైంది. ఆ పని చూసే ఫర్జానా, వివరాలు చెప్పడానికి గోవిందప్పను పిలిపించింది. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పైనుంచి లైట్లు వేసి ఫొటో తీసి, కంప్యూటర్‌లో ఆయనకు చూపింది. అందులో ఉన్నది మసిబారిన తోలుముక్క. నల్లటి మసిలో నల్లదారం కలిసిపోయింది.

గోవిందప్ప చాలాసేపు వెతికాడు.

"ఇది నా బొమ్మ కాదు మేడమ్."

"నంబరు ఇదే తాతా."

"నంబరు ఇదేలేమ్మా. దీపం ముందర పెట్టినారు. ఇది ఎనక దీపం ఉంటే బతికే మనిషి."

ఫర్జానా నవ్వలేదు. తెల్లగుడ్డ కట్టించి, నన్ను దానికి ఆనించి, వెనక లైటు వెలిగించింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత నా చీరకు ఎరుపు తిరిగొచ్చింది. మోచేతి మీద సూది పొడిచిన చిల్లులు చుక్కలు చుక్కలుగా వెలిగాయి.

ఆయన వేలు చాచి, ఆగాడు. బొమ్మలను తాకరాదని గోడ మీద రాసి ఉంది. సరిగ్గా అప్పుడే ఫర్జానాకు అటు తిరిగి కెమెరాలో ఏదో సర్దుకోవాల్సి వచ్చింది.

"పదకొండు," అన్నాడు, నా చెయ్యి తడుముతూ. "ఏడోది వంకర పోయింది సూడు. కుడతాంటే నవ్విచ్చినా. సూది గుచ్చుకునిందని దినమంతా తిట్టింది."

"ఎవరు తాతా?"

"మా ఇంటామె. అంజనమ్మ."

ఫర్జానా "చేయి పాడైనది" అన్నది తీసేసి, "చేయి కుట్టినది అంజనమ్మ" అని టైపు చేసింది. ఫోన్‌లో ఆ పేరు ఎలా వెతకాలో ఆయనకు నేర్పి పంపింది.

నేను మళ్ళీ సొరుగులోకి వచ్చాను. నాకిక ఏరు లేదు, ఆట లేదు. ఆ గొంతు ఎలాగూ లేదు. ఇంటర్నెట్‌లోకి ఎక్కిన రాణులు చాలామందే ఉన్నారు. అంజనమ్మ అని కొడితే మాత్రం వచ్చేది నేనొక్కదాన్నే.