సూది ఆగినంక

ఫైజ్‌కు ముందుగా వినబడింది తన పేరే.

తాండూరులో వాళ్ల ఇంటి వెనకే బండలకు పాలిష్ పట్టే కార్ఖానా. పొద్దున మొదలైన మిషన్ల రొద చీకటి పడేదాకా ఆగదు. పుట్టినకాడి నుంచి ఆ రొదలోనే పెరిగిన పిల్లవాడు, ఇరవై దాటిన వయసులో ఒక ఎండాకాలం మధ్యాహ్నం, కుట్టుమిషన్ ముందు కూర్చున్న అక్క దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"ఆపా, నీకు ఇనబడుతలేదా?"

"ఏంది?"

"మిషన్లల్లకెల్లి ఎవరో నా పేరు పెట్టి తిడుతుండ్రు."

ఎండదెబ్బ అనుకుంది ఐమన్. మజ్జిగ ఇచ్చి పడుకోమంది.

తల్లి పోయినప్పటి నుంచి ఆ ఇంటిని నెట్టుకొస్తున్నది ఐమనే. జాకెట్లు, బురఖాలు కుడుతుంది. తండ్రి లతీఫ్ ఆ కార్ఖానాలోనే బండలు కోసే మిషన్ మీద పనిచేస్తాడు. ఏళ్ల తరబడి మిషన్ పక్కన నిలబడి చెవులు మందగించినవాడు కావడంతో మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. నిజంగా అరిస్తే వాడకట్టంతా వినబడుతుంది.

ఫైజ్ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి కరణ్‌కోట దిక్కు పనికి పోతుండేవాడు. తన టిఫిన్ డబ్బాలో ఎవరో ఏదో కలుపుతున్నారని కొన్నాళ్లకు పని మానేశాడు. స్నానం మానేశాడు. ఫ్యాన్ తిరిగితే మాటలు ఎక్కువవుతున్నాయని, ఒళ్లంతా చెమటలు కారుతున్నా ఫ్యాన్ ఆపేసి కూర్చునేవాడు. దర్గాకు తీసుకుపోయి తావీజు కట్టించారు. ఒక డాక్టరు ఇచ్చిన మాత్రలకు పగలూ రాత్రీ పడుకున్నాడు, నోట్లోంచి చొంగ కారేది. అది చూడలేక లతీఫ్ ఆ మాత్రలు తీసుకుపోయి మోరీలో పారేశాడు.

వర్షిత వచ్చింది ఆ తర్వాత. మర్పల్లి అమ్మాయి, సైకాలజీ చదివింది. హైదరాబాద్‌లోని ఒక సంస్థ ఈ జిల్లాలో చేస్తున్న పరిశోధనలో పని. గడప దగ్గర చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, ఫైజ్ ముందరే అన్నీ విడమర్చి చెప్పింది.

"దీన్ని స్కిజోఫ్రీనియా అంటరు. దయ్యం గాదు, గాలి గాదు. మీరు పెంచిన తప్పు గాదు. మెదడుకు వచ్చే జబ్బు. మా పరిశోధనల కొందరికి ఉత్త మందులే ఇస్తరు. కొందరికి మేము నెలనెలా ఇంటికే వచ్చి సూది ఇస్తం, ఇంట్లోళ్లతోని గూడ కూసుండి మాట్లాడుతం. ఏది మంచిగ పనిచేస్తదో చూడాలె. ఎవరికి ఏదనేది కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తది. మా చేతుల లేదు."

ఫైజ్ నేలకేసి చూస్తూ అడిగాడు. "సూది ఇస్తే తిట్లు ఆగుతయా?"

"తగ్గుతయి తమ్మీ. పూర్తిగ ఆగుతయని నేను చెప్పలేను."

అప్పటిదాకా ఎవరూ అతనికి అట్లా చెప్పలేదు. అందరూ ఆగిపోతాయనే అన్నారు. ఫైజ్ ఒప్పుకున్నాడు. చీటీలో వాళ్లకు ఇంటికి వచ్చే వైద్యమే దక్కింది. అల్లా దయ అన్నాడు లతీఫ్.

మొదటిరోజే వర్షిత ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి లతీఫ్ ముందు ఉంచింది. "మీ కొడుకు గురించి ఐదు నిమిషాలు మాట్లాడుండ్రి చాచా. మీకేం తోస్తే అది. నేను నడుమ మాట్లాడ."

"ఏముంది మాట్లాడనీకి? సోమరిపోతు. పెట్టింది తింటడు, పంటడు. వీని ఈడు పోరగాళ్లు ఇండ్లు నడుపుతుండ్రు. నా ఇజ్జత్ అంత బజార్ల పెట్టిండు." ఇంకా చాలా అన్నాడు. ఫైజ్ పక్క గదిలోనే ఉన్నాడు. ఐదు నిమిషాలు కాకముందే లతీఫ్ మాటలు అయిపోయాయి. మిగిలిన సమయమంతా ఫోన్ ఇంటి వెనకాల మిషన్ల రొదనే రికార్డు చేసుకుంది.

తర్వాతి రాకల్లో ఒకరోజు వర్షిత ఆ విషయం ఎత్తింది.

"చాచా, శానా దేశాలల్ల చూసిండ్రు. మనిషి కొద్దిగ కోలుకున్నంక, ఇంట్లోళ్లు ఊకూకె తప్పు పడుతుంటే జబ్బు మళ్ల తిరగబెడ్తుంది. మాటలతోని జబ్బు రాలే. కానీ మాటలు పోయి పుండుకే తగుల్తయి."

లతీఫ్‌కు కోపమొచ్చింది. "అంటే నా నోరే జబ్బంటవా?"

"గట్ల గాదు. మీ నోరు మందులెక్క గూడ పనిచేస్తదంటున్న."

లతీఫ్ విసురుగా లేచి డ్యూటీకి పోయాడు. కానీ మర్నాడు పొద్దున వంటింట్లోకి వచ్చి, ఐమన్ పక్కన నిలబడి, గోడకేసి చూస్తూ అన్నాడు. "'తానం చెయ్‌రా జాన్వర్' అనొద్దంటుంది ఆ బిడ్డ. మరేమనాలె?"

"నీళ్లు కాగినయి బేటా, పోసుకుంటవా అను."

ఆయన ఆ మాటను పిల్లలు పాఠం వల్లించినట్టు పెదవులతో అనుకున్నాడు. గొంతు తగ్గించడం మాత్రం ఆయనకు చేతకాలేదు. మెత్తగా మాట్లాడితే తన మాట తనకే వినబడదు. అందుకని దూరం నుంచి అరిచే బదులు కొడుకు పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగి మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదట్లో ఫైజ్ అదిరిపడేవాడు. తర్వాత అలవాటైంది.

కొన్ని నెలలు ఏమీ మారినట్టు కనిపించలేదు. ఒకరోజు ఐమన్ సంతకు పోయి వచ్చేసరికి ఫైజ్ గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె బట్టల సంచి చేతిలో పట్టుకునే గుమ్మంలో నిలబడిపోయింది. ఎండాకాలం గడిచేసరికి అతను నర్సింహులు మోటార్ వైండింగ్ షాపులో పనికి కుదిరాడు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెస్తే రాగి తీగ చుట్టే పని. సాయంత్రం నల్లటి చేతులతో ఇంటికొచ్చి సబ్బుతో రుద్దుకుంటూ, ఆ రోజు వచ్చిన మోటార్ల సంగతులు చెప్పేవాడు. తిట్లు ఇంకా వినబడుతూనే ఉన్నాయన్నాడు, కానీ దూరంగా, వేరే వీధిలో ఎవరో పోట్లాడుకుంటున్నట్టు. ఎన్నో ఏళ్ల తర్వాత ఐమన్ మోమిన్‌పేట్‌లో చుట్టాల పెళ్లికి పోయి, రెండు రోజులుండి వచ్చింది. ఇంట్లో ఏమవుతుందోనన్న ఫికర్ లేకుండా నిద్రపోయింది.

ఆ చలికాలంలోనే పరిశోధన అయిపోయింది. చివరిసారి వచ్చినప్పుడు ఐమన్ ఇచ్చిన చాయ్ తాగకుండా వర్షిత గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"ఇగ ఇంటికి వచ్చుడు ఉండదక్కా. డబ్బులిచ్చేటోళ్లు ఇచ్చిన గడువు అయిపోయింది. వికారాబాద్ పోయి చూపెట్టుకోవాలె. సూది తప్పకుండ్రి. మంచిగున్నడని అస్సలు ఆపొద్దు."

పోయారు. వాళ్లను పంపిన చోట ఆ సూది లేదు. బదులు మాత్రలు రాసి ఇచ్చారు. ఐమన్ రోజూ తన ముందే వేసుకోమనేది. వేసుకునేవాడు. రెండోసారి వికారాబాద్ పోవాల్సినప్పుడు షాపులో సెలవు దొరకలేదన్నాడు. మూడోసారి నవ్వాడు. "తగ్గింది గద ఆపా. మాత్రలేసుకుంటే చేతులు వణుకుతున్నయి, తీగ చుట్ట రాట్లేదు." అదీ నిజమే. నర్సింహులు కూడా ఒకసారి పనిలో తప్పులు వస్తున్నాయని చెప్పాడు. ఫైజ్ మాత్రలను నాలుక కింద దాచి బయట ఉమ్మేస్తున్న సంగతి ఐమన్‌కు ఆలస్యంగా తెలిసింది.

ఫ్యాన్ మళ్లీ ఆగిపోయింది. షాపులో మోటార్లు తన మాటలను పట్టి ఊళ్లకు పంపుతున్నాయని, మోటార్లు విప్పే ఇనుప పానా ఒకటి సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. మళ్లీ పనికి పోలేదు. ఐమన్ వర్షితకు ఫోన్ చేసింది. వర్షిత అప్పటికి బాలింతల మీద జరిగే ఇంకో పరిశోధనకు మారింది. అయినా ఆ ఆదివారమే సొంత స్కూటీ మీద వచ్చింది. ఫైజ్ తలుపు తీయలేదు. తలుపు ఇవతల నుంచి కాసేపు మాట్లాడి, వర్షిత లేచి నిలబడింది.

"ఇయ్యాల్నే తీస్కపోవాలె చాచా. ఆగితే కష్టం. బండి మాట్లాడుత, నేను గూడ వస్త."

"బండ్లేసి గుంజుకపోతే భయపడతడు బిడ్డా," అన్నాడు లతీఫ్. "నువ్వే గద చెప్పినవు, జబర్దస్తీ వద్దని. నేను మెత్తగ చెప్తే ఇంటడు. ఒక రెండు రోజులు నాకియ్యి."

"అది మంచిగున్నప్పటి మాట చాచా. గిప్పుడు మాటలతోని గాదు, మందు గావాలె."

"నా కొడుకు నా మాట ఇంటడు."

ఆ మాటలో గర్వం ఉంది. ఏడాదిపైగా కష్టపడి నేర్చుకున్న విద్య అది. వర్షిత ఐమన్ వైపు చూసింది. ఐమన్‌కు ఎటు చెప్పాలో తోచలేదు. తండ్రి ఎంత మారాడో కళ్లారా చూసినది ఆమె. సరే, రెండు రోజులు చూద్దామంది.

మర్నాడు పొద్దున లతీఫ్ సాసర్‌లో చాయ్ పోసుకుని ఫైజ్ గదిలోకి పోయాడు. పక్కన కూర్చుని, ఎప్పటిలాగే చెవి దగ్గరికి వంగి, "బేటా, చాయ్ తాగుతవా? వికారాబాద్ పోయొద్దాం," అన్నాడు. వంటింట్లో ఉన్న ఐమన్‌కు ఆ మాట స్పష్టంగా వినబడింది. తర్వాత సాసర్ పగిలిన చప్పుడు వినబడింది. ఆ తర్వాతి చప్పుడు గురించి ఆమె ఎవరికీ చెప్పదు.

ఆమె పోయేసరికి తండ్రి నేల మీద ఉన్నాడు. ఎడమ కన్ను చోట రక్తం. ఫైజ్ పానా పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"గీన మా అబ్బా గాదు ఆపా," అంటున్నాడు. "మా అబ్బా ఒర్రుతడు. గింత మెత్తగ మాట్లాడడు. గీన ఎవరో. అబ్బాను ఏం చేసిండో అడుగు."

పక్కింటి భాగమ్మ కేక విని కార్ఖానా నుంచి మనుషులు ఉరికివచ్చారు. ఫైజ్‌ను బండలు కట్టే తాళ్లతో కట్టేశారు. కడుతుంటే ఎదురు తిరగలేదు. కొట్టొద్దని ఐమన్ తమ్ముడికి అడ్డంపడి ఆపింది. అయినా కొందరు కొట్టారు.

లతీఫ్ కన్ను పోయింది. పోలీసులు అడిగితే కేసు వద్దన్నాడు. ఫైజ్‌ను హైదరాబాద్‌లోని పెద్ద మానసిక ఆస్పత్రిలో చేర్చారు.

వానలు పడే రోజుల్లో వర్షిత ఫోన్ చేసింది. వికారాబాద్‌లో ఒక హాలులో పరిశోధన ఫలితాలు చెబుతున్నారట, పాల్గొన్న కుటుంబాలను పిలుస్తున్నారట. "మీకు రాబుద్ధి గాకుంటే రాకుండ్రి అక్కా," అంది. లతీఫే పోదామని, పోయిన కన్ను కనబడకుండా నల్లద్దాలు పెట్టుకున్నాడు.

హాలులో అధికారులు, నర్సులు, ఆశా వర్కర్లు ఉన్నారు. పరిశోధన నడిపిన డాక్టర్ సందీప్ తెర మీద గీతలు చూపిస్తూ వివరించాడు. ఇంటికి వెళ్లి వైద్యం చేసిన వాళ్లలో ఎక్కువమంది నిలదొక్కుకున్నారని, ఇంట్లో మాటతీరు మారిన చోట ఫలితం ఇంకా బాగుందని అన్నాడు. చివరి విజిట్‌లో ఒక తండ్రి కొడుకు గురించి చెప్పిన మాటలు వినండి, పేరు చెప్పం, అనుమతి తీసుకున్నాం అని చెప్పి రికార్డింగ్ పెట్టాడు.

"పొద్దున్నే లేస్తడు. నాకంటే ముందే లేస్తడు. నేను డ్యూటీకి పోతుంటే అబ్బా, టోపీ మర్చినవ్ అని తెచ్చిస్తడు. మోటార్ పని మస్తు చేస్తడట, సేటు చెప్పిండు. చిన్నగున్నప్పుడు గూడ గంతే, రేడియో ఇప్పి మళ్ల జోడిస్తుండె…"

హాలంతా లతీఫ్ గొంతే. చెవులు మందగించినా ఆయనకు అది తన గొంతని తెలిసింది. నల్లద్దాల కింది నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. గోడ పక్కన నిలబడిన వర్షిత తల వంచుకుంది. చప్పట్లు మోగాయి.

ప్రశ్నలు అడగమన్నప్పుడు ఐమన్ లేచింది. 

"ఆ పిలగాడు గిప్పుడెట్లున్నడో మీకెరుకేనా సార్?"

డాక్టర్ సందీప్ తెర వైపు చూశాడు. "మా లెక్క చివరి విజిట్ వరకేనమ్మా. అప్పటికి బాగున్నాడు."

"అవు, బాగుండె. మీరు చెప్పింది అబద్ధం గాదు. మీరు వచ్చినన్ని దినాలు బాగుండె. మీరు వచ్చుడు ఆగినంక ఆగమైండు. అది గూడ తెర మీద రాయుండ్రి."

 ఆమె తండ్రి చేయి పట్టుకుని లేపింది. నల్లద్దాల వెనక ఆయన ముఖాన్ని చూశాక, రికార్డింగ్‌లోని గొంతు ఎవరిదో డాక్టర్‌కు అర్థమైంది. మెట్లు దిగి బయటిదాకా వచ్చాడు. ఆయన వయసు కూడా పెద్దగా లేదు.

"ఇంకో రెండేళ్లు నడిపించమని రాశాను. డబ్బులిచ్చేవాళ్లు ఒప్పుకోలేదు," అన్నాడు. "ఫలితం బాగుంటే ఎవరో ఒకరు కొనసాగిస్తారనుకున్నాం. ఆపిన తర్వాత ఏమవుతుందో చూడటానికి మళ్లీ రావాల్సింది. రాలేదు."

లతీఫ్ ఆయన భుజం మీద చేయి వేసి, తన మామూలు పెద్ద గొంతుతో, "మీ వైద్యం మంచిదే సాబ్," అన్నాడు.  బయట వాన పడుతోంది. తాండూరు రైలుకు ఇంకా సమయం ఉందని స్టేషన్‌లో బల్ల మీద కూర్చున్నారు. 

దసరా తర్వాత ఫైజ్‌ను ఇంటికి పంపారు. ఒళ్లు బరువెక్కింది, అడుగులు చిన్నవయ్యాయి, చేతివేళ్లు ఆగకుండా కదులుతున్నాయి. గుమ్మంలో కూర్చున్న తండ్రిని చూసి ఆగిపోయాడు.

"అబ్బా, నీ కన్ను."

"బండ పెంకు తగిలింది," అన్నాడు లతీఫ్.

"కాదు. నేనే." ఫైజ్ గొంతులో ఏడుపు కూడా లేదు. "నాకెరుకే."

లతీఫ్ నోరు తెరిచాడు. అరవాలో, మెత్తగా అనాలో, ఏ గొంతు వాడాలో తెలియనట్టు మళ్లీ మూసుకుని, లేచి లోపలికి పోయాడు. అప్పటి నుంచి కొడుకుతో మాట్లాడాలంటే ఐమన్‌తో చెప్పిస్తాడు. ఫైజ్ గదిలోంచి బయటికి వస్తే, తనకు తెలియకుండానే చేయి కన్ను మీదికి పోతుంది.

నర్సింహులు మళ్లీ పనిలోకి తీసుకోనన్నాడు. తప్పు పట్టలేదు ఐమన్. నెలనెలా తమ్ముణ్ని రైల్లో వికారాబాద్ తీసుకుపోతుంది. మందు దొరికితే తెస్తుంది, లేకుంటే హైదరాబాద్ దాకా పోతుంది. మాత్ర వేసి, నోరు తెరిచి చూపించమంటుంది. అతను చిన్నపిల్లాడిలా నాలుక ఎత్తి చూపిస్తాడు. వర్షిత అప్పుడప్పుడు మర్పల్లి నుంచి వచ్చి కూర్చుని పోతుంది. ఇప్పుడు అది ఏ పరిశోధన కిందికీ రాదు.

సాయంత్రం మిషన్లు ఆగిపోయాక ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. అప్పుడు లతీఫ్ తన గదిలోకి పోయి లోపలి నుంచి గడియ పెట్టుకుంటాడు. చెవులు మందగించిన మనిషి కదా, ఆ గడియ ఎంత చప్పుడు చేస్తుందో ఆయనకు తెలియదు. ఒకరోజు అన్నం తింటూ ఫైజ్ తల ఎత్తకుండా అన్నాడు.

"అబ్బాతోని చెప్పు ఆపా, గడియ పెట్టుకుంటే పెట్టుకొమ్మను. నాకు కోపం లేదు."

ఐమన్ తండ్రికి ఆ మాట చెప్పలేదు. తమ్ముడి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. అతను దాన్ని మెల్లగా కలుపుకుని తిన్నాడు.