కుడి చివరి డోలు

మోంతెవిదేయో నగరంలోని ఒక డోలు బృందంలో వాల్డెమార్ ఇరవై రెండేళ్ళు రెపికె వాయించాడు. మూడు రకాల డోళ్ళలో మాట్లాడేది రెపికె. మిగిలిన రెండూ దానికి వంత పాడతాయి. భుజం అరిగిపోయి డాక్టరు ఇక వద్దన్నాక అతని స్థానం ఫాబియానా తెచేరాకు వెళ్ళింది. అతను పలేర్మో పేటలో తన ఇంటి వెనక గదిలో రికార్డింగు స్టూడియో పెట్టుకున్నాడు. కార్నివాల్ ముందు బృందం కొత్త పాటల్లో విడివిడిగా తీసిన డోళ్ళనీ గొంతులనీ కలిపి మిక్సింగ్ చేసే పని అతనికే అప్పగించారు.

తప్పు పట్టుకుందామని ఆమె డోలు ఒక్కదాన్నే పెట్టుకుని ఉదయమంతా విన్నాడు. దొరకలేదు. కుడిచేతి కర్ర దెబ్బ సరే, ఎవరైనా నేర్చుకుంటారు. కర్ర దెబ్బల సందులో ఎడమ అరచేత్తో ఆమె తీసే చిన్న చప్పుడు ఉంది చూశారూ, అలాంటిది తన జన్మలో తను వాయించలేదు. అది వినబడ్డప్పుడల్లా అసూయతో పాట ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

రెపికెను ఎప్పుడూ నడిమధ్యన పెడతారు. చిన్న డోలు ఎడమ చెవికి, పెద్దది కుడి చెవికి, పాడేవాళ్ళు మధ్యలో. తన డోలు అన్నేళ్ళూ అక్కడే కూర్చుంది. ఆమె డోలు శబ్దం తగ్గిస్తే ఇట్టే తెలిసిపోతుంది. అందుకని మీట తిప్పి ఫాబియానా డోలును కుడివైపు చివరికంటా తోసేశాడు. ఆ జాగాలోకి పెద్ద డోలును లాగాడు. వీధి ఊరేగింపులో అయితే రెపికె ఒకచోట నిలుస్తుందా ఏమిటి అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ప్రాణం కాస్త కుదుటపడింది.

మర్నాడు మధ్యాహ్నం బృందం పెద్ద దోన్యా ఎలిదా, ఫాబియానా వినడానికి వచ్చారు. పాట ముగిసేదాకా ముసలావిడ కళ్ళు తెరవలేదు.

"రెపికెను ఆ మూలకు ఎవరు నెట్టారు?" అంది.

"నేనే. ఎందుకంటే..."

"సంజాయిషీ ఎవరడిగార్రా? ఇన్నాళ్ళూ ఈ తెలివి ఏమైంది నీకు? మధ్యలో పాడేవాళ్ళంతా దాని నెత్తినెక్కి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు పక్కన నిలబడి నా చెవిలోనే వాయిస్తున్నట్టుంది."

ఫాబియానా మొహమాటంగా నవ్వింది. "మాస్టారూ, నేను మీ రికార్డులు వినే నేర్చుకున్నాను. ఎంత చెవి పెట్టినా మీ ఎడమ చెయ్యి మాత్రం వినబడేది కాదు. ఏదో గొప్ప పనే చేస్తుంటారనుకుని నాకు తోచింది కల్పించుకున్నాను. మీ దానికి దగ్గరగా ఉందా?"

వాల్డెమార్ మీటల వైపు తిరిగాడు.

"పర్లేదు," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక అటక మీంచి, ఒక్కో డోలు విడిగా ఉన్న పాత టేపులు దించాడు. పదిహేనేళ్ళ కిందటి పాటొకటి తీసి, తన డోలును కూడా కుడి చివరికి జరిపి విన్నాడు. ఎడమ చెయ్యి ఉంది. కర్ర వెనకాల నీరసంగా, ఆలస్యంగా, ఏమీ చెప్పకుండా పడుతోంది.

మూడుసార్లు విన్నాడు. అసూయ పోలేదు సరికదా, ఇంకా ముదిరింది. కాకపోతే ఇప్పుడు దానికో కారణం ఉంది. ఫాబియానాకు ఫోన్ చేశాడు.

"రేపు డోలు పట్టుకుని రా. ఆ అరచేతి దెబ్బ ఒకసారి నెమ్మదిగా చూపించు."

"మీకా మాస్టారూ? నవ్వులాటకా?"

"నవ్వులాట కాదు. నిన్ను మూలకు తోసింది కూడా మంచి మనసుతో ఏం కాదు."

అవతల డోలు మీద అరచెయ్యి ఒకసారి పడ్డ చప్పుడు వినబడింది.

"పదింటికి వస్తాను," అంది ఫాబియానా.