నాలుగో గడి

ఇట్లా రా పాపా. ఆ ఫోను పక్కనబెట్టి, నా మోకాలికి ఆనుకొని కూర్చో. చెప్పిందే చెబుతానని మూతి ముడవకు. హెప్సిబా సంగతి నీకింకా చెప్పలేదు.

ఆ పొద్దు కూడా హెప్సిబా పత్తి కుప్ప ముందు గొంతుక్కూర్చొని ఎండాకు ఏరుతోంది. గింజ నుంచి దూది వేరుచేసే ఆదోని జిన్నింగు మిల్లు. యంత్రాలు ఆడుతుంటే పక్క మనిషి మాట వినబడదు. గాలి నిండా దూది నూగు. అందుకే ఆడవాళ్లమందరం పాత చీర ముక్కను ముక్కుకూ నోటికీ బిగించి కట్టుకునేవాళ్లం. హెప్సిబా సన్నని మనిషి. తేలిన మణికట్లు, కనుబొమల మీద ఎప్పుడూ తెల్లని పీచు. చేయి ఆగేది కాదు గానీ, నోటి మీది గుడ్డ మాత్రం కదులుతూ ఉండేది. కొత్తవాళ్లు ప్రార్థన అనుకునేవాళ్లు. కాదు, బొమ్మల కథలో ఎవరేమనాలో పలికి చూసుకునేది.

పిల్లల పత్రిక చివరి పేజీలో నాలుగు గళ్లలో వస్తాయే, ఆ కథలు రాయాలని ఆమె కోరిక. బొమ్మ గీయడం రాదు. ఏ గడిలో ఎవరుండాలో, ఏం చేయాలో, ఏమనాలో రాసి పంపితే గీసేవాళ్లు గీస్తారు. పంపినవన్నీ తిరిగొచ్చాయి. "నువ్వు రాసిన మాటలు పోస్తే గడిలో మనిషి నిలబడే చోటు లేదమ్మా" అన్నాడు కర్నూలు పత్రికలోని జగదీష్ సారు. ఆమె చిన్నబుచ్చుకోలేదు. పత్తిలో తుక్కు తీసినట్లు మాటలు తీయడం నేర్చుకుంది.

ఈసారి పంపింది మా మిల్లులో జరిగిన కథే. మేస్త్రి శేషప్ప పత్తి కుప్ప మీద జారి పడతాడు. తలనిండా దూదితో లేచి "ఎవురే నవ్వినేది?" అంటాడు. మూడో గడిలో గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ల వరస. నాలుగో గడిలో మేస్త్రి తిట్లు.

మధ్యాహ్నం సద్ది విప్పుకునేసరికి సారు ఫోను. అందరికీ వినబడేలా పెట్టింది.

"బాగుందమ్మా. కానీ బొమ్మలు గీసే దేవరాజు ఒప్పుకోవడం లేదు. నోళ్లు కనబడకపోతే నవ్వుతున్నారని పిల్లలకెట్లా తెలుస్తుంది? గుడ్డలు తీసేద్దాం. చివరి గడి కూడా చప్పగా ఉంది. సాయంత్రంలోగా ఇంకోటి చెప్పు. లేకుంటే ఈ నెల వేరేవాళ్ల కథ వేస్తాం."

"మాటలెన్నైనా తీసేస్తా సార్. గుడ్డ మాత్రం తీయను. అది తీస్తే ఆడుండేది మేం గాదు."

ఫోను పెట్టేసి ఆమె సద్ది మూట మళ్లీ కట్టేసింది.

"గుడ్డ తీస్తే నీకేం పోతాదే? పేరు పడతాది గదా" అన్నాను.

"పేరు పడాలనే నా ఆశంతా హుసేనక్కా. మనల్ని మనమే గుర్తుపట్టకపోతే, ఆ పేరు యాడ పెట్టుకునేది?" అంది. దగ్గు వచ్చి మాట తెగింది.

టీ వేళ యంత్రాలు ఆగాయి. ఏమనుకుందో ఏమో, చటుక్కున లేచింది. "అందురూ గుడ్డలు కట్టుకోండి" అని, వీడియోలో సారును పిలిచి, దేవరాజును కూడా పక్కన కూర్చోబెట్టమంది. ఫోను మా వైపు తిప్పి పట్టుకొని, మేస్త్రి పడిన తీరు చేసి చూపింది. ఒక కాలు జార్చి, చేయి గాలిలో విసిరి, కనుగుడ్లు తేలేసి! చప్పుడు బయటికి రాకుండా అందరం నవ్వుతున్నాం. భుజాలు అదురుతున్నాయి, కనుబొమలు నెత్తికెక్కాయి, కళ్లలో నీళ్లు.

అప్పుడే శేషప్ప రానే వచ్చాడు.

"టీ అయిపాయ గదా! ఇంగా ఫోనులో ఏం సూస్తాండారు? ఎవురే నవ్వినేది?"

అంతే. అన్ని కళ్లూ ఆయన మీద పడ్డాయి. ఆయన మీసం ఒకసారి వణికింది. బిగబట్టుకున్నాడు. ఇక ఆగలేక, భుజం మీది తువ్వాలు లాగి నోటికి అడ్డం పెట్టుకొని గోడ వైపు తిరిగాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది.

"సార్, నాలుగో గడి దొరికింది!" అని హెప్సిబా కేక పెట్టింది. "రాసుకోండి. మేస్త్రి నోటికి తువ్వాలు. మాట ఒక్కటీ వద్దు!"

ఫోను లోపల ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. "నోళ్లు గీయనులే అక్కా, కళ్లే గీస్తా" అన్నాడు దేవరాజు.

పత్రిక వచ్చింది. రచన: హెప్సిబా, ఆదోని. మిల్లులో ప్రతి చేతికీ తిరిగింది. సరిగా చదవడం రాని నేను కూడా వరసలో నా మెల్లకన్ను పట్టి నన్ను నేను గుర్తుపట్టాను. ఆ పొద్దు ఆమె నడిచిన నడక చూడాలి పాపా! కలెక్టరు కూడా అట్లా నడవడు.

ఆ తర్వాత మరికొన్ని అచ్చయ్యాయి. మరుసటి పత్తి కాలానికి మాత్రం ఆమె పనికి రాలేదు. నూగు ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు. ఎమ్మిగనూరులో చెల్లెలు ప్రేమలత ఇంటికి పోయింది. మంచం మీద నుంచే గళ్లు చెబుతుంటే చెల్లెలు రాసేది. ఒకనాడు రెండో గడి దాకా చెప్పి, కాసేపు పడుకుంటానని కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

మేము సద్ది సంచులు తగిలించే గోడకు, శేషప్ప ఆ మొదటి కథ పేజీని మైదా జిగురుతో అంటించాడు. పూటపూటకూ దాని మీద నూగు పేరుకుంటుంది, ఎవరో ఒకరు అరచేత్తో తుడుస్తారు. మరచిపోకు పాపా, నీ తోటివాళ్లకూ చెప్పు: నోళ్లు కనబడకుండా అందరూ నవ్వుతున్న ఆ కాగితం హెప్సిబాదని.