పాత లైను మీదికి ఉక్కు బండి

బ్రూక్లిన్‌లో ఆ ఉదయం వాన. జంక్షన్ దగ్గర సిగ్నల్ పచ్చగా వెలిగింది గానీ డ్రైవరు హన్‌రాటీ బండిని కదపలేదు. పట్టాలు కుడివైపుకి, పాత లైనుకి కలిసి ఉన్నాయి.

వీధి నడుమ ఇనప స్తంభాల మీద, ఇంజన్లు చిన్నవిగా ఉన్న రోజుల్లో కట్టిన లైను అది. చెక్క పెట్టెల బరువుకి మించి మోయలేదు. హన్‌రాటీ వెనక ఉన్నవి ఎనిమిది ఉక్కు పెట్టెలు, వాటి నిండా ఆఫీసులకి పోయే జనం.

పద్నాలుగేళ్లు చెక్క పెట్టెలు నడిపాక ఉక్కు బండి అతని చేతికొచ్చి ఆరు వారాలే అయింది. మొదటి మూడు నెలల్లో ఒక్క తప్పు రాతలోకి ఎక్కినా మళ్లీ పాత లైనుకే పంపిస్తామని ముందే చెప్పారు. కారే పైకప్పులు, నత్తనడక. తలుచుకుంటేనే అతనికి ఒళ్లు మండేది.

నాలుగుసార్లు హారన్ కొట్టాడు. దారి తప్పు అని దానికి అర్థం. సిగ్నల్ పచ్చగానే ఉంది. తిట్టుకుంటూ దిగి, పట్టాల పక్కనున్న ఫోన్ ఎత్తాడు. జంక్షన్ గదిలో మీటలు లాగే ఫుస్కో పలికాడు.

"పచ్చ దీపం ఇచ్చాను కదయ్యా. పెళ్లికూతుర్లా నిలబడ్డావేం?"

"నావి ఉక్కు పెట్టెలు. ఎక్కడికి పంపుతున్నావు, కింద చేపల కొట్లోకా?"

 ఫుస్కో, దారి మారుస్తాను గానీ నాలుగు నిమిషాలు ఆగాలన్నాడు. ఇచ్చిన సిగ్నల్ వెనక్కి తీసుకుంటే మీటకి దానంతటదే తాళం పడుతుంది. గడియారంలో ఆ నాలుగు నిమిషాలూ పూర్తయితే తప్ప ఊడదు. చక్రాల కింద పట్టా కదలకుండా చేసిన ఏర్పాటది. హన్‌రాటీకి తెలియనిది కాదు. తెలిసినా కోపం తగ్గలేదు. వెనక ఇంకో రెండు బళ్లు ఆగిపోయాయి. కండక్టర్ సిమ్స్ ముందుకి నడిచొచ్చి, డ్రైవరు టిఫిన్ చేస్తున్నాడా అని జనం అడుగుతున్నారని చెప్పాడు.

హన్‌రాటీ ఫోన్లో అరిచాడు. "కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా, ఫుస్కో?"

"నా కళ్లు బాగానే ఉన్నాయి. వెళ్లి నీ బండి మొహం చూసుకో."

వెళ్లి చూశాడు. నెత్తిన రెండు దీపాలూ పసుపే. పసుపంటే పాత లైను బండి, పచ్చంటే ఉక్కు బండి. ఆ రంగులు చూసే ఫుస్కో దారి కలుపుతాడు. పొద్దున యార్డులో హన్‌రాటీ క్యాబిన్లో రంగు మార్చే పిడిని పచ్చకి తిప్పాడు. పిడి తిరిగింది, పైన దీపాల రంగు అద్దం తిరగలేదు. పిడి తిప్పాక కిందికి దిగి, బండికి ఎదురుగా నిలబడి కళ్లతో చూసుకోవాలి. వానలో తడవడమెందుకని అతను దిగలేదు.

సిమ్స్ మెట్టెక్కి దీపాల్ని పిడికిలితో గుద్దాడు. రెండూ టక్కున పచ్చకి మారాయి.

"అయిపోయింది, గురూ. పొద్దుట్నుంచీ పచ్చే అంటే కాదనేవాడెవడు? ఉక్కు పెట్టెలని చూడకుండా మీట లాగింది వాడు."

అదీ నిజమే. దీపాలతో పాటు పెట్టెలూ చూడాలి ఫుస్కో. హన్‌రాటీకి ప్రాణం లేచొచ్చింది. క్యాబిన్లోకెక్కి పిడిని ఒకసారి అటూ ఇటూ తిప్పి, మళ్లీ పచ్చకి పెట్టి, ఎలా ఉందని అడిగాడు. మళ్లీ పసుపేనని సిమ్స్ బయటినుంచి చెప్పాడు. ఇంకోసారి తిప్పాడు. పసుపే.

సాయంత్రం ఈ బండి ఇంకొకడి చేతికి వెళ్తుంది. పొగమంచు పడితే వాడికి పట్టా కనిపించదు, పచ్చ సిగ్నల్ కనిపిస్తుంది. పిడి పాడైందని చెప్తే, పొద్దున నువ్వెందుకు చూడలేదంటారు. హన్‌రాటీ పిడిని ఒక తన్ను తన్ని, దిగి మళ్లీ ఫోన్ ఎత్తాడు.

"రాసుకో, ఫుస్కో. దీపాలు పసుపు, నేను దిగి చూడలేదు. పిడి ఇరుక్కుంటోంది. చివరి స్టేషన్లో ఈ బండిని పక్కన పెట్టించు."

"నీకెన్ని వారాలైంది?"

"ఆరు."

"పెట్టెలు నేనూ చూడలేదని రాస్తాలే."

"రాసుకో. దాంతో నాకు ఒరిగేదేం లేదు."

తాళం ఊడి ఎడమ దారి పడింది. పదకొండు నిమిషాల ఆలస్యంతో బండి కదిలింది.

సోమవారం అతను చెక్క పెట్టెలతో అదే జంక్షన్ దాటాడు. పాత లైను మీద స్తంభాల మధ్య ఒకే కమాను పైన రెండు బళ్లు ఉండకూడదు కాబట్టి ముందు బండి దాటేదాకా ఆగాల్సొచ్చింది. వెనక జనం గొణిగారు. పైనుంచి నీటిచుక్క మెడ మీద పడింది. తర్వాత మెల్లగా కదిలాడు. సగం ఖాళీగా ఉన్న ఆ మూడు చెక్క పెట్టెలకే కింద ఇనుము వణికింది, వణుకు పాదాల్లోంచి మోకాళ్లదాకా వచ్చింది. అతను ఆ రోజటి ఉక్కు పెట్టెల్ని ఆ ఇనుము మీద ఎనిమిదిదాకా లెక్కపెట్టబోయి మానేశాడు.

జంక్షన్ గది కిటికీలోంచి ఫుస్కో చెయ్యెత్తాడు. హన్‌రాటీ చూడనట్టు పోనిచ్చాడు. ఈసారి యార్డులో వానలో దిగి దీపాలు చూసొచ్చాడేమో, బూట్లలో నీళ్లింకా చప్పుడు చేస్తున్నాయి.