పల్లంలో చెల్లెలి ఇల్లు

మున్సిపల్ ఆఫీసులో వరద పటాలు చూపించే కిటికీ దగ్గర టైలరమ్మ వంతు వచ్చేసరికి పదకొండయింది.

"డోర్ నంబరు చెప్పండమ్మా," అన్నాడు గుమాస్తా.

"తెలీదు బాబూ. మా చెల్లెలి ఇల్లు. దారైతే చెప్పగలను."

అక్కాచెల్లెళ్ల మధ్య తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. చెల్లెలు ఆ ఇల్లు కొన్న రోజు అందరిముందూ ఈవిడే నోరు జారింది: "ఏటి పక్కన పల్లంలో కొన్నావేమే? డబ్బు నీళ్లలో పోసినట్టే!" అప్పటికి ఈవిడకు సొంతిల్లు లేదు. ఆ మాటలో హితవెంతో, అసూయెంతో ఈవిడకే తెలుసు. చెల్లెలికీ తెలిసిపోయింది. మొన్న కొత్త వరద పటాలు వచ్చాయని పేపర్లో చదివినప్పట్నుంచి కుట్టుమిషను మీద చెయ్యి నిలవలేదు.

గుమాస్తా విసుక్కోకుండా కంప్యూటర్ తెరను ఆవిడవైపు తిప్పాడు.

"బస్టాపు నుంచి కుడికి. మందుల షాపు దాటాక సందు. మెల్లగా బాబూ, నా నడక అంత జోరుగా ఉండదు."

అతను నవ్వి వేగం తగ్గించాడు. తెరమీది ఫొటోలో ఇళ్ల కప్పులు ఒక్కొక్కటే జరిగాయి. మలుపులో రేకుల షెడ్డు, దాన్ని ఆనుకుని చిన్న డాబా.

"అదే!"

పైనుంచి తీసిన ఫొటోలో గుమ్మం ముందు ఏదో చుక్క. మనిషో, నీళ్ల తొట్టో తెలియదు. ఆవిడ చూపు దానిమీదే ఉండిపోయింది.

అతను వరద రంగులు వేశాడు. డాబా మొత్తం ముదురు నీలమైపోయింది.

"నడుం లోతు రావచ్చమ్మా. నూరేళ్లకోసారి వచ్చే వరద అంటారుగానీ, అది క్యాలెండరు చూసుకుని రాదుగా."

"ఇంకోసారి చూడు బాబూ. నేనన్న మాట తప్పు కావాలి."

అతనికి అర్థం కాలేదు. అయినా మళ్లీ చూశాడు. రంగు మారలేదు.

ఫోన్ చేద్దామంటే పాత నంబరు పనిచెయ్యడంలేదు. ప్రింటు మడిచి సంచిలో పెట్టుకుని ఆవిడ నేరుగా బస్సెక్కింది.

తలుపు తీసిన చెల్లెలి జుట్టు సగం నెరిసింది. కాగితం చూసి, "ఇది పోయిన నెలే మాకూ పంపారక్కా. సామాను అటకెక్కిస్తున్నాం," అంది. దాన్ని మడిచి తిరిగి చేతికిస్తూ, "ఇన్నేళ్లూ రానిదానివి, ఈ కాగితం ఇద్దామని వచ్చావా?"

"దీని వంకతో వచ్చానే."

చెల్లెలు పక్కకు జరిగి దారిచ్చింది.

ఆ పూటంతా ఇద్దరూ బట్టల పెట్టెలు, పుస్తకాల కట్టలు పైకి అందించుకున్నారు. మాట్లాడుకున్నది తక్కువే. "ఆగక్కా, చెయ్యి లాగేస్తోంది," అని చెల్లెలంటే, "నాకంటే చిన్నదానివి, నీకేం వచ్చిందే?" అని అక్క. ఆఖరి బస్సు వేళయిందని తెలిసీ అక్క లేవలేదు, చెల్లెలూ గుర్తుచెయ్యలేదు.